ఎత్తు పైకి చెప్పి ఆడే చోట

గద్వాలకు బదిలీ అయి వచ్చిన కొత్తలో నా సాయంత్రాలన్నీ ఖాళీ. కాలేజీలో నా పాఠాలు మధ్యాహ్నానికే అయిపోయేవి. కుటుంబం వనపర్తిలోనే ఉంది. గదిలో కూర్చుని ఫోన్లో చదరంగం ఆడేవాణ్ని. ఫోన్ నాకొక అంకె ఇచ్చింది. గెలిచినప్పుడల్లా అది కొంచెం పెరిగేది, దానితోపాటు నా మీద నాకున్న గౌరవమూ పెరిగేది. కొలవగలిగినదాన్నే నమ్మండని ఊరూరా ఉపన్యాసాలు చెప్పినవాడికి ఇంతకంటే తియ్యటి ఆధారం ఏముంటుంది?

ధరూర్ వైపు వెళ్లే ఆటోలు ఆగే చోట, మూతపడిన ఒక విత్తనాల దుకాణం అరుగు మీద చదరంగం నడుస్తుందని కాలేజీ అటెండరు చెప్పాడు. వెళ్లి చూశాను. ప్లైవుడ్ ముక్క మీద ఎనామెల్ రంగుతో గళ్లు గీశారు. పావులు రెండు మూడు వేర్వేరు సెట్లలోంచి వచ్చినవి. నాలుగు ఒంటెలకు బదులు నాలుగు పాత స్పార్క్ ప్లగ్గులు నిలబెట్టారు, రెండింటికి ఎర్ర దారం చుట్టి, రెండింటికి చుట్టకుండా. చుట్టూ నిలబడ్డవాళ్లు అరుస్తున్నారు. నాగర్‌కర్నూల్‌లో చదువుకునే రోజుల్లో నేను పెరిగిన హేతువాద చర్చావేదికలో ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు నోరు విప్పకూడదు. ఇక్కడ ఆడేవాళ్లిద్దరు తప్ప అందరూ ఆటగాళ్లే.

అక్కడ రాజ్యం చేసేవాడు యాభై దాటిన ఒక ఆటో డ్రైవరు. గద్వాల-ధరూర్ మధ్య షేర్ ఆటో నడుపుతాడు. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య, బండి నిండే దాకా, అరుగు మీద కూర్చుంటాడు. వినయం అనే గుణం ఆయన దగ్గరికి రాలేదు. మొదటి రోజు నన్ను చిత్తుగా ఓడించి, ఓడిస్తున్నంతసేపూ మాట్లాడాడు.

“ఏంది సార్, నీ మంత్రి ఎండల తిరగవోయిండు? ఇగ ఇంటికి రాడు, సూడు.”

“ఆగు అన్నా, ఆలోచించనియ్యి.”

“ఆలోచించు, ఆలోచించు. ఫోన్ల ఉన్నట్టు వెనక్కి పోనీకె ఈడ బటన్ లేదు.”

అందరూ నవ్వారు. మంత్రి నిజంగానే ఇంటికి రాలేదు.

అక్కడి ఆటకు అక్కడి నియమాలున్నాయి. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది. రాజుకు ఒకే ఒక్కసారి, అదీ చెక్ పడకముందు, గుర్రంలా దూకే హక్కు ఉంటుంది. చెయ్యి పడ్డ పావును కదపాల్సిందే. వీటిలో నాకు వింతగా తోచినది వేరే: ప్రతి ఎత్తునూ పైకి చెప్పాలి. గడిని వాళ్లు ఇల్లంటారు. “గుర్రం, నీ ఏనుగు పక్కింటికి.” “బంటు ఒక్కిల్లు ముంగటికి, కుడి కొసది.” ఆడేవాడు చెప్పడం మరిస్తే, అరుగు చివర ఎప్పుడూ కూర్చుని ఉండే ఒకాయన చెప్పేవాడు. ఆయన చీరల నూలుకు రంగులద్దుతాడు. ముంజేతుల దాకా ఏదో ఒక రంగు అంటుకునే ఉండేది. గొంతు మాత్రం రైల్వే స్టేషన్ మైకు లాంటిది.

ఇలా ఎందుకు చెబుతారని అడిగితే “ఈడ గట్లనే సార్” అన్నాడు. ఆ మాట వింటే నాకు చిరాకు. దేవుడి ముందు కోడిని కోసేవాడిని అడిగినా, బడిలో పిల్లల్ని కొట్టేవాడిని అడిగినా ఇదే జవాబు వస్తుంది. అయినా ఇది ఎవరికీ హాని చేసే ఆచారం కాదు గనుక ఊరుకున్నాను.

పైగా, దాని వల్ల నాకు లాభం జరిగింది. ఫోన్లో ఆడినన్నాళ్లూ నేను కళ్లతో ఆడాను. ఎదుటి పావు కదిలితే ఆ గడి పచ్చగా వెలుగుతుంది, నేను స్పందిస్తాను. ఇక్కడ ఎత్తు ముందు చెవిన పడేది. చెవిన పడ్డదాన్ని బోర్డు మీద వెతుక్కోవడం తొలుత అవస్థగా ఉండేది. కొన్ని వారాలకు వెతకడం మానేశాను. రాత్రి భోజనం చేస్తూ ఆ రోజు ఆటను మొదటి నుంచి మనసులో చెప్పుకోగలిగాను. అప్పుడే నా తప్పుల ఆకారం కనిపించింది. నేను ఎప్పుడూ నా వాదమే వింటున్నాను. చర్చావేదికలో మాకు నేర్పిన మొదటి పాఠం, ఎదుటివాడి వాదాన్ని అతను అవునని తలూపేలా ముందు నువ్వు చెప్పాలి, ఆ తర్వాతే ఖండించాలి. వేదిక మీద పాటించిన ఈ నియమాన్ని బోర్డు ముందు ఒక్కనాడూ పాటించలేదు. ఇక మీదట ఆయన ఎత్తు వేయగానే నా చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఆ ఎత్తు దేనికోసమో మనసులో ఒక పూర్తి వాక్యంగా చెప్పుకునేవాణ్ని. వాక్యం కుదరకపోతే నేనూ కదిలేవాణ్ని కాదు.

“సార్ నిద్రవోయిండా?” అనేవాడు డ్రైవరు.

“జపం చేస్తుండేమో,” అనేవాడు ఇంకొకడు.

“దేవుడు లేడంటడు గదనే, ఎవరి జపం?”

ఓడిపోవడం తగ్గింది. దసరా దగ్గరపడేసరికి అడపాదడపా గెలిచాను. తర్వాత తరచుగా గెలిచాను. అది నాకిచ్చిన ఆనందం ఫోన్ అంకె ఎన్నడూ ఇవ్వలేదు. వీధిలో, గోలలో, మాటలతో గుచ్చుతుంటే నిలబడి గెలవడం వేరు. ఆదివారం వనపర్తి వెళ్లినప్పుడు మా ఆవిడకు ఆ ఆటలు వర్ణించి చెప్పేవాణ్ని. ఒకసారి ఆమె ఓపికగా విని, “పాపం ఆయనకేమైంది, ముందు గెలిచేవాడు కదా?” అంది. నేను మెరుగుపడ్డానని మళ్లీ చెప్పాను.

ఆమె ప్రశ్నకు విలువ ఉందని తెలిసింది ఒక ఊరేగింపు రోజున. రోడ్డు మీద డీజే పెట్టె వచ్చి ఆగింది. పక్కవాడి మాట పక్కవాడికి వినిపించదు. రంగుల ఆయన అరిచాడు, ఒక్క ముక్క తెలియలేదు. డ్రైవరు తన ఏనుగును నా బంటు నోట్లోకి నడిపాడు. ఆ తర్వాత స్పార్క్ ప్లగ్గు నడిపే దారిలో తన బంటే అడ్డుందని చూసుకోలేదు. చివరికి బండి నిండకముందే “నిండింది” అంటూ లేచిపోయాడు. నేను గెలిచాను. చుట్టూ ఉన్నవాళ్లెవరూ ఆయన్ని ఆటపట్టించలేదు. అది నాకు అంతకంటే వింతగా అనిపించింది. ఆ అరుగు మీద ఓడినవాణ్ని వదిలిపెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

ఒకే ఫలితానికి రెండు కారణాలు ఉండవచ్చు. నేను మెరుగుపడి ఉండవచ్చు, లేదా ఆయన తగ్గుతుండవచ్చు. ఏ కారణమో తేల్చకుండా నాకిష్టమైనదాన్ని పట్టుకున్నాను. అలాంటి పని బాబాల భక్తులు చేస్తే నేను వ్యాసం రాస్తాను.

ఆ తర్వాత ఆట కంటే ఆయన్నే చూశాను. పావు తీసేముందు తల కొంచెం ఎడమకు తిప్పుతాడు. పొద్దు వాలితే ఆడడు. ఒంటె, బంటు ఒకేలా ఉన్నాయని, ఒంటెల స్థానంలో ప్లగ్గులు తెచ్చి పెట్టింది ఆయనే. వాటి తెల్లటి పింగాణీ దూరానికి మెరుస్తుంది. ఎత్తు పైకి చెప్పడం ఎప్పటినుంచని రంగుల ఆయన్ని పక్కకు పిలిచి అడిగాను. ఈసారి “ఈడ గట్లనే” అనలేదు.

“రెండేండ్లాయె సార్. మామకు కండ్లు మసకలైనంక.”

“అందరికీ తెలుసా?”

“ఎవరికి తెల్వదు? మాకు తెల్సని ఆయనకొక్కనికే తెల్వదు.”

“మరి బండి?”

ఆయన రోడ్డు వైపు చూశాడు. “ధరూర్ రోడ్డు సార్. ఇరవై ఏండ్ల సంది నడుపుతుండు. కండ్లు మూసుకొని నడుపుతడు.”

“కండ్లు మూసుకొనే నడుపుతుండు, అదే నేను చెప్పేది.”

“గట్లనకు సార్. మంచోడు.”

మంచోడు కాదని నేను అనలేదు. మంచితనానికీ రోడ్డు మీద ఎదురొచ్చే ట్రాక్టరుకూ సంబంధం లేదు.

నా కళ్లతో చూడకుండా ఏదీ నమ్మకూడదు గనుక, ఒక రోజు ఆయన ఆటో ఎక్కాను. ధరూర్‌లో పనేదీ లేదు. ముందు సీట్లో ఆయన పక్కన ఒకావిడ కూర్చుంది. పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి, అంటే విత్తనం కోసం పూలను చేత్తో కలిపే పనికి, రోజూ వెళ్లొస్తుందట. నేను ఆమె వెనకే ఇరుక్కున్నాను. అద్దం పైన కొత్త నిమ్మకాయా పచ్చి మిరపకాయలూ వేలాడుతున్నాయి. పక్కన బీచుపల్లి ఆంజనేయుడి బొమ్మ. ఊరు దాటగానే ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టింది. కూలి సంగతి, కోడలి సంగతి, చుట్టాల పెళ్లి సంగతి. మాటల మధ్యలో, గొంతు మార్చకుండా, “బర్రెలున్నయి అన్నా” అంది. బండి నెమ్మదించింది. “కోడలు మొన్న అలిగి తల్లిగారింటికి వొయ్యింది. గుంత. అప్పుడే నేనన్న...” బండి గుంతను తప్పించుకుంది. “లారీ వస్తుంది, ఎడమకు.” మళ్లీ కోడలు.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. అది వాళ్లకు రోజూ జరిగే ప్రయాణం. అరుగు మీద ఎత్తులు చెప్పినట్టే బండిలో గుంతలు చెబుతున్నారు. ఆ ముందు సీటు ఎప్పుడూ ఆవిడదేనట. ఆవిడ రాని రోజున ఎవరు చెబుతారని నేను అడగలేదు. వెనక సీట్లో నా పక్కన ఒక బాలింత, ఒళ్లో బిడ్డ నిద్రపోతోంది.

ఈ దేశంలో దయ ఎలా పనిచేస్తుందో అంత స్పష్టంగా నేను ఎక్కడా చూడలేదు. ఒక మనిషి చూపు పోతోంది. చుట్టూ ఉన్న వందమంది తమ చూపు ఆయనకు అప్పిస్తున్నారు, ఆయన పరువు పోకుండా. ఒక్కరూ కంటి దవాఖానాకు తీసుకుపోరు. ప్రమాదం రాకూడదని నిమ్మకాయ కట్టిన చేతులే, ప్రమాదం హ్యాండిల్ పట్టుకుంటే దానికి దారి చూపుతున్నాయి.

ముందుగా ఆయనతో ఒంటరిగా మాట్లాడాను. ఆటో కడుగుతున్నాడు.

“అన్నా, ఒకసారి కండ్లు చూపించుకుందాం. పాలమూరులో దవాఖాన ఉంది. నేనొస్త నీతోని.”

“నా కండ్లకేమైంది?”

“మసకగ కనిపిస్తున్నయి గదా.”

“నీ మొఖం మంచిగనే కనవడ్తుంది సార్. ఎంత వద్దనుకున్నా కనవడ్తుంది.”

“నవ్వులాట కాదు అన్నా. బండిల పది మంది ఉంటరు.”

ఆయన గుడ్డ పిండి పైకి లేచాడు. “సూడు సార్. దవాఖానాకు పోతే డాక్టర్ ఏమంటడు? బండి నడపొద్దంటడు. అదొక్కటే అంటడు. దానికి పాలమూరు దాక ఎందుకు పోవాలె?”

అంటే, ఆయనకు తెలుసు. బండే ఆయన ఇల్లు నడుపుతోంది, బండి ఆపమనే మాట విననంతకాలం ఆపనవసరం లేదు. అందులో తర్కం ఉంది. నాకు తెలిసిన చాలా తత్వవాదాల కంటే గట్టి తర్కం. అయితే అది బాలింత ఒళ్లో నిద్రపోతున్న బిడ్డను లెక్కలోకి తీసుకోదు.

మరుసటి రోజు బోర్డు ముందు కూర్చుని చెప్పాను: “ఇయ్యాల నేను ఎత్తు పైకి చెప్పను. ఎవ్వరూ చెప్పొద్దు. చూసి ఆడుదం.”

రంగుల ఆయన ముఖం మారింది. “ఏంది సార్ గది? ఈడ పద్ధతి కాదు గది.”

“ఒక్క ఆట.”

“ఒక్కటి గాదు, సగం గూడ వద్దు,” అన్నాడు వెనకనుంచి ఎవరో.

డ్రైవరే ఆపాడు. “ఆడనియ్యిన్రి. సార్ కొత్త విద్య నేర్చుకొచ్చిండు. సూద్దం.”

ఆయన పౌరుషం నాకు తెలుసు. ఒప్పుకుంటాడని తెలిసే అడిగాను.

ఆ అరుగు మీద అంతటి నిశ్శబ్దం అంతకుముందు లేదు. ఆయన ప్రతి ఎత్తుకూ చాలాసేపు తీసుకున్నాడు. నా చెయ్యి ఎటు కదిలిందో నీడను బట్టి పట్టుకుంటున్నాడని నాకు అర్థమైంది. కొంతదూరం బాగానే ఆడాడు, నిజానికి నాకంటే బాగా ఆడాడు. మంత్రితో నా గుర్రాన్ని తీస్తే నా పని అయిపోయినట్టే. అది ఆయన చూశాడు, నేనూ చూశాను, చుట్టూ ఉన్నవాళ్లూ చూశారు. ఆయన చెయ్యి చాచి మంత్రిని పట్టుకున్నాననుకుని రాజును పట్టుకున్నాడు. ఆ సెట్లో అవి రెండూ ఒకే ఎత్తు, ఒకే నలుపు. రాజును ఎత్తి, మంత్రి మాత్రమే నడవగల దారిలో నడిపి, నా గుర్రాన్ని పక్కకు తోసి, అక్కడ పెట్టాడు.

“ఇగ చెప్పు సార్,” అన్నాడు, వెనక్కి ఒరిగి.

ఎవరూ నవ్వలేదు. ఆ మౌనం ఎంతకూ తెగకపోవడంతో ఆయన మళ్లీ ముందుకు వంగాడు. తల ఎడమకు తిప్పి, తాను పెట్టిన పావు మీద వేలు పెట్టి తడిమాడు. రాజు నెత్తిన ఉండే చిన్న గుబ్బ వేలికి తగిలింది.

“రాజు,” అన్నాడు.

“అవు మామా,” అన్నాడు రంగుల ఆయన.

డ్రైవరు లేచి ఆటో దాకా నడిచాడు. బండి నిండి ఉంది. తాళం తీసి జేబులో వేసుకుని, ఎక్కినవాళ్లను దిగమన్నాడు. వేరే బండి చూసుకోమన్నాడు. ముందు సీటావిడ అందరికంటే చివర దిగింది.

రంగుల ఆయన నా దగ్గరికొచ్చి తక్కువ గొంతుతో అన్నాడు. “నలుగుట్ల ఇజ్జత్ తీసినవ్ సార్. ఇంట్లకు పోయి చెప్తే గాకపోవునా?”

“చెప్పిన. వినలే.”

“రెండేండ్లు మేం గాపాడుకున్నం.”

“ఎవరిని?” అన్నాను. నా ప్రశ్న సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను. అడిగిన చోటు, అడిగిన తీరు వేరుగా ఉండవచ్చని ఎవరైనా అంటే వాదించను.

పాలమూరు దవాఖానాకు ఆయన తమ్ముడు తీసుకెళ్లాడు. నన్ను రావద్దన్నారు. ఎడమ కంటికి పొర, దాన్ని కోసి తీశారు. కుడి కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం ఎండిపోయింది. అది తిరిగి రాదు, ముందే వచ్చి ఉంటే కొంత మిగిలేదని డాక్టరు చెప్పాడట. ఇక పదిమందిని ఎక్కించుకుని బండి నడపొద్దనీ చెప్పాడు. ఆ మాట ఆయన ముందే ఊహించినదే. బండి తమ్ముడు నడుపుతున్నాడు. తమ్ముడికి పొలం పని కూడా ఉంది గనుక అది రోజూ నడవదు.

ఆ చలికాలమంతా అరుగు మీద నాతో ఎవరూ ఆడలేదు. వెళ్లేవాణ్ని, నిలబడేవాణ్ని. బోర్డు ముందు ఖాళీ ఉన్నా “మనిషి వస్తుండు” అనేవాళ్లు. ఎత్తులు పైకి చెప్పడం ఆగిపోయింది. అవసరం లేకపోవడం వల్లనో, నా మీద కోపం వల్లనో తెలియదు. నేను విని నేర్చుకున్నదంతా చూస్తూ కాపాడుకున్నాను.

ఎండలు మొదలయ్యాక ఒక సాయంత్రం ఆయన వచ్చాడు. నల్ల కళ్లద్దాలు. కొంచెం సన్నబడ్డాడు. ఖాళీగా ఉన్న పక్క కూర్చుని, నావైపు చూసి, “కూసో సార్,” అన్నాడు. నిలబడ్డవాళ్లు జరిగి దారిచ్చారు.

పావులు సర్దుతూ అన్నాడు, “నువ్వు గా పని జెయ్యకపోతే ఇంకో ఏడాది నడిపేటోణ్ణి.”

“ఆ ఏడాదిల ఎవరన్న చచ్చేటోళ్లు అన్నా.”

“చచ్చేటోళ్లో, చావకపోయేటోళ్లో. నీకు తెల్వదు, నాకూ తెల్వదు.”

జరగని ప్రమాదానికి సాక్ష్యం ఉండదు. ఆయన నడిపిన రోజుల్లో ధరూర్ రోడ్డు మీద ఎవరూ చావలేదని ఆయన చూపించగలడు, ఇక మీద చావకపోతే అది నేను చేసిన పని వల్లేనని నేను ఎన్నటికీ చూపించలేను. రుజువు లేనిదాన్ని నమ్మవద్దని చెప్పే నేను ఆ ఒక్కదాన్ని రుజువు లేకుండా నమ్ముకుని బతకాలి. ఆయన మాత్రం పోయిన బండిని చేత్తో తాకి చూపించగలడు.

“ఇంట్ల ఎట్లుంది?” అని అడిగాను.

“నడుస్తుంది. మా ఇంటామె కూలికి పోతుంది. నేను కూసుంటున్న.” బంటును ఒక్క గడి ముందుకు జరిపాడు. పైకి ఏమీ చెప్పలేదు. “నడువు సార్. నన్ను సూడకు, బోర్డు సూడు.”

ఆ ఆట ఆయన గెలిచాడు. తర్వాతి ఆట కూడా. మూడోది పొద్దువాలేదాకా సాగింది. ఆయన లేవలేదు. ఒంటి కన్నుతో, ఆ వెలుగులోనే, చివరి ఏనుగు దాకా ఆడి ఓడిపోయాడు. ఓడిపోయాక రాజును తానే పక్కకు పడుకోబెట్టి, “ఇది నీదే,” అన్నాడు.